గ్లూకోజా, పౌడర్ డబ్బానా, ముక్కు గొట్టమా: ఆస్పత్రిలో చిక్కిపోయిన పెద్దవాళ్లకు ఏది ఎప్పుడు

డెబ్బై దాటిన మనిషి న్యుమోనియాతోనో, తుంటి ఎముక విరిగో పది రోజులు ఆస్పత్రిలో పడుకుంటే, వచ్చిన జబ్బు తగ్గినా ఒంట్లో కండ మిగలదు. అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే మాట ఒక్కటే: ‘ఏ పౌడర్ మంచిది?’ నిజానికి అది మూడో ప్రశ్న. రోజుకు ఎంత లోపలికి వెళ్తోందన్నది మొదటిది. మింగగలుగుతున్నారా, పేగులు పనిచేస్తున్నాయా అన్నది రెండోది. ఈ రెండూ తేలితే పౌడర్ పేరు పెద్ద విషయం కాదు.

ముందు లెక్క. జబ్బుపడ్డ పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు సుమారు 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 1500 క్యాలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. మన దగ్గర ఆస్పత్రి మంచం మీద జరిగే భోజనం చూడండి: పొద్దున రెండు ఇడ్లీలు, ఒక కాఫీ, మధ్యాహ్నం నాలుగు ముద్దల చారన్నం, సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు, రాత్రి మజ్జిగన్నం. అంతా కలిపితే ఏడెనిమిది వందల క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. ‘బానే తింటున్నారండీ’ అని అటెండెంటు చెప్పేది ఈ తిండి గురించే. కావలసిన ప్రోటీన్‌లో మూడో వంతే అందుతోంది.

చిక్కిపోవడం ముందునుంచీ ఉందా, ఇప్పుడే మొదలైందా అన్నది తేల్చడానికి టేపు చాలు. పిక్క బాగా లావుగా ఉన్నచోట కొలిస్తే 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ తగ్గిందని అనుమానించాలి. బరువైతే ఆరు నెలల్లో నూటికి ఐదు కిలోల లెక్కన తగ్గినా పట్టించుకోవలసిందే. కాళ్లకు నీరు పట్టి ఉంటే తూకం మోసం చేస్తుంది, అప్పుడు పిక్క కొలత కూడా నమ్మలేం. చొక్కా ఎంత వదులైంది, ఉంగరం జారిపోతోందా, బుగ్గలు, కణతలు లోపలికి పోయాయా అన్నవి చూడాలి. ఆస్పత్రుల్లో ఎంఎన్ఏ అనే ఆరు ప్రశ్నల పట్టీ వాడతారు. 14 మార్కులకు 7 లేదా అంతకంటే తక్కువొస్తే పోషణ లోపం ఉన్నట్టే, 8 నుంచి 11 అయితే ముప్పు అంచున ఉన్నట్టు. చేరిన రోజే ఈ పట్టీ నింపారా అని సిస్టర్‌ని అడగడం తప్పేమీ కాదు.

బలం అనుకునేవి, తిండి కానివి

మన ఊళ్లలో ‘నీరసంగా ఉంది, ఒక గ్లూకోజు ఎక్కించండి’ అన్నది దాదాపు వేడుకోలు. 5 శాతం గ్లూకోజు అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే 85 నుంచి 100 క్యాలరీలు. రెండు ఇడ్లీలకు తక్కువ. ప్రోటీన్ సున్నా. రోజుకు మూడు బాటిళ్లు ఎక్కించినా 300 క్యాలరీలు దాటవు, ఒంట్లో నీరు మాత్రం లీటరున్నర చేరుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు సెలైన్ కావాలి, అది వేరే అవసరం. దాన్ని భోజనం కింద లెక్కేయకూడదు.

ఆల్బుమిన్ బాటిల్ది ఇంకో భ్రమ, ఖరీదైనది కూడా. రిపోర్టులో ఆల్బుమిన్ తగ్గిందని ఎక్కిస్తే పోషణ అందినట్టు కాదు. ఇన్ఫెక్షన్, వాపు ఉన్నంతకాలం రక్తంలో ఆల్బుమిన్ ఎలాగూ పడిపోతుంది. కాలేయ జబ్బులో పొట్టలో నీరు తీసేటప్పుడు ఎక్కించడంలాంటి అవసరాలు వేరు. 20 శాతం బాటిల్ 100 మిల్లీ లీటర్లలో ఉండేది 20 గ్రాముల ప్రోటీనే, అదీ కండ కట్టే దారిలో నేరుగా పోదు. పసుప్పచ్చ రంగులో ఎక్కించే ‘బలం సెలైన్లు’ కూడా క్యాలరీలు సరిపడా లేకుండా ఒంటరిగా ఎక్కిస్తే, అందులోని అమైనో ఆమ్లాల్ని (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్ని) ఒళ్లు కట్టెల్లా మండించుకుంటుంది.

ఆకలి సిరప్‌ల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. సైప్రోహెప్టడీన్ ఉన్నవి మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ముసలివాళ్లలో అవి మత్తు, మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగబట్టుకుపోవడం తెస్తాయి. ప్రోస్టేట్ ఉన్న పెద్దాయనకు ఆ సిరప్ ఇచ్చి, తర్వాత మూత్రానికి గొట్టం వేయించాల్సి రావడం అరుదేమీ కాదు. ఆకలి పోవడానికి కారణం ముందు వెతకాలి: మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, ట్రమడాల్, డిగాక్సిన్ ఆకలిని చంపుతాయి. మలబద్ధకం కూడా. నోట్లో తెల్లటి పూత ఉందేమో నాలుక చాపించి చూడండి. పళ్ల సెట్టు ఇంట్లో గూట్లో ఉండి, మనిషి ఆస్పత్రిలో ఉంటే ఏ మందూ ఆకలి పుట్టించదు.

ఇంటి తిండినే చిక్కబరచడమా, డబ్బానా

నోటితో మింగగలిగినవాళ్లలో ఎక్కువమందికి ఎంచుకోవలసింది ఈ రెండింటి మధ్యే. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో ఎనిమిది ఆస్పత్రుల్లో 2088 మంది పోషణ ముప్పున్న రోగుల్ని చూశారు. ఒక్కొక్కరికి క్యాలరీల, ప్రోటీన్ లక్ష్యం లెక్కగట్టి, ముందు తిండి మార్చి, చాలకపోతే పోషక పానీయాలు కలిపి, అప్పటికీ చాలకపోతేనే గొట్టం, నరంలోంచి పోషణ దారి పట్టారు. నెల రోజుల్లో మరణాలు మామూలు భోజనం పెట్టినవాళ్లలో నూటికి 9.9 ఉంటే, వీళ్లలో 7.2. మందు కాదు, లెక్కగట్టి పెట్టిన తిండి తెచ్చిన తేడా అది.

ఇంటి తిండి వైపున్న బలం రుచి, అలవాటు, ఖర్చు. బలహీనత పరిమాణం: ఆకలి లేనివాళ్లు నాలుగు ముద్దలకంటే తినరు. కాబట్టి ముద్దల సంఖ్య పెంచాలని పోరు పెట్టకుండా, ఒక్కో ముద్దలో పట్టే సరుకు పెంచాలి. చారన్నం బదులు నెయ్యి వేసిన పప్పన్నం. పుట్నాల పప్పుల పొడి రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు కలిపితే నాలుగు గ్రాముల ప్రోటీన్ అదనం. ఒక గుడ్డుకు ఆరు గ్రాములు, మెత్తటి కోడిగుడ్డు పొరటు పళ్లు లేనివాళ్లకూ దిగుతుంది. ఒక చెంచా నెయ్యి 45 క్యాలరీలు, అన్నం పరిమాణం పెంచకుండా.

ఇక్కడే పథ్యం అడ్డొస్తుంది. ఆపరేషన్ అయినవాళ్లు పప్పు తింటే కుట్లలో చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని మానిపించేస్తారు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. గాయం మానడానికి కావలసిన సరుకు ఆ పప్పులో, గుడ్డులోనే ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు తెచ్చే ఆపిళ్లు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు మర్యాదకు సరే, వాటిలో ప్రోటీన్ లేనట్టే. పరామర్శకు వచ్చేవాళ్లను పాలపొడి ప్యాకెట్టు తెమ్మనడం కాస్త మొహమాటమే గానీ పనికొచ్చే మొహమాటం.

రాగి జావ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో అదే ‘బలం’. మజ్జిగ పోసి పల్చగా కాచిన అంబలి గ్లాసులో వంద క్యాలరీలు, రెండు మూడు గ్రాముల ప్రోటీన్. అదే జావను ఇలా చేయండి: 20 గ్రాముల రాగి పిండిని 200 మిల్లీ లీటర్ల పాలలో కాచి, పొయ్యి దించాక, గోరువెచ్చటి నీళ్లలో ముందే కలిపి ఉంచిన 20 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, 10 గ్రాముల బెల్లం, చెంచా నెయ్యి వేయాలి. ఇప్పుడది దాదాపు 330 క్యాలరీలు, 14 గ్రాముల ప్రోటీన్. రోజుకు రెండు గ్లాసులు తాగితే 28 గ్రాములు. పాలపొడిని మరుగుతున్న జావలో గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ముసలివాళ్లు ఆ ఉండ నోటికి తగలగానే గ్లాసు పక్కన పెట్టేస్తారు. పాలు పడనివాళ్లకు హైదరాబాద్ మిక్స్ ఉంది. జాతీయ పోషకాహార సంస్థ పిల్లల కోసం రూపొందించిందే గానీ లెక్క ఎవరికైనా ఒకటే: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఈ 86 గ్రాములకు 330 క్యాలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. షుగర్ ఉంటే బెల్లం మానేయండి, ఆ మేరకు క్యాలరీలు 75 దాకా తగ్గుతాయి.

డబ్బా వైపున్న బలం సౌకర్యం, కొలత ఖచ్చితం, విటమిన్లూ ఖనిజాలూ కలిసి ఉండటం. వండి పెట్టే మనిషి లేని ఇళ్లకు, వాసన పడక వికారపడేవాళ్లకు ఇదే మేలు. కొనేముందు డబ్బా వెనక ‘100 గ్రాములకు’ అన్న వరస చదవండి. మాల్ట్ పానీయాల పొడుల్లో పది పదకొండు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఎక్కువ భాగం చక్కెర, పిండి. పెద్దవాళ్ల ‘సంపూర్ణ పోషణ’ పొడుల్లో పదిహేను దరిదాపు. హై ప్రోటీన్ అని రాసినవాటిలో ముప్పై నుంచి నలభై అయిదు. ధర పోల్చడానికి డబ్బా వెలను అందులోని మొత్తం ప్రోటీన్ గ్రాములతో భాగించండి. 400 గ్రాముల డబ్బాలో నూటికి పదిహేను ఉంటే మొత్తం 60 గ్రాములే. అరకిలో వెన్న తీసిన పాలపొడిలో 180 దాకా. ఈ భాగహారం చేశాక కొన్ని డబ్బాల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

డబ్బాతో జరిగే పెద్ద పొరపాటు మోతాదుది. పాలలో రెండు చెంచాలు వేసి హార్లిక్స్‌లా ఇస్తారు. సంపూర్ణ పోషణ పొడి ఒక గ్లాసుకు, కంపెనీ స్కూపుతో, 50 గ్రాములకు పైగా పడుతుంది. అప్పుడే 220-230 క్యాలరీలు, ఎనిమిది గ్రాముల ప్రోటీన్. రోజుకు రెండు గ్లాసుల లెక్కన 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు కూడా రాదు. మీ ఇంట్లో డబ్బా నెలంతా వస్తోందంటే అది మందులా కాదు, తీర్థంలా ఇస్తున్నారని అర్థం. యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ చెప్పేది, ఇలాంటి పానీయాలు రోజుకు కనీసం 400 క్యాలరీలు, 30 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలి, కనీసం నెల రోజులు సాగాలి అని. మామూలు పొడి రెండు గ్లాసులతో క్యాలరీలు సరిపోతాయి గానీ ప్రోటీన్ సగమే వస్తుంది. హై ప్రోటీన్ రకమైనా తీసుకోవాలి, లేదా గ్లాసుకో 20 గ్రాముల పాలపొడి కలపాలి.

ఇచ్చే వేళ కూడా ముఖ్యమే. భోజనానికి ముందు గ్లాసు తాగిస్తే భోజనం పోతుంది, లాభం సున్నా. పదకొండింటికి, నాలుగున్నరకు, పడుకునే ముందు, గంటసేపు గుక్కలు గుక్కలుగా తాగనివ్వాలి. వికారం ఉంటే చల్లగా ఇస్తే వాసన తగ్గి దిగుతుంది. విరేచనాలు మొదలైతే ఆపేయకుండా, మొదటి మూడు రోజులు సగం చిక్కదనంతో ఇచ్చి చూడండి. మాత్రలు వేసేటప్పుడు నీళ్ల బదులు ఈ పానీయమే 60 మిల్లీ లీటర్ల చొప్పున ఇవ్వడం మంచి పద్ధతి, పాలతో పడని కొన్ని యాంటీబయాటిక్స్, థైరాయిడ్ మాత్ర తప్ప.

కిడ్నీ రోగుల విషయంలో డబ్బా మారిపోతే ప్రమాదం. డయాలసిస్‌కు ముందు దశకు ప్రోటీన్ తక్కువున్నది, డయాలసిస్ మొదలయ్యాక ప్రోటీన్ ఎక్కువున్నది, రెండూ పక్కపక్కనే అమ్ముతారు, డబ్బాలు ఒకేలా ఉంటాయి. లివర్ జబ్బులో ప్రోటీన్ మానిపించే పాత అలవాటు ఇప్పుడు లేదు, రాత్రి పడుకునేముందు ఏదో ఒకటి తినిపించడం అక్కడ మరీ అవసరం. షుగర్ ఉన్నవాళ్లకు పోషణ ఆపడం కాదు, ఇన్సులిన్ సర్దాలి. ఉప్పు, నూనె, తీపి అన్నీ ఒకేసారి మానిపించిన పళ్లేన్ని చిక్కిపోయిన డెబ్బై అయిదేళ్ల మనిషి ముట్టుకోరు.

ముక్కు గొట్టం ఎప్పుడు

రాబోయే మూడు రోజులకు పైగా నోటితో ఏమీ వెళ్లే అవకాశం లేదన్నా, ఎంత ప్రయత్నించినా వారానికి పైగా అవసరంలో సగం కూడా వెళ్లేలా లేదన్నా గొట్టం గురించి డాక్టర్లు మాట్లాడతారు. పక్షవాతం వచ్చినవాళ్లలో కారణం మింగుడు. నీళ్లు తాగితే పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడటం, నోట్లో ముద్ద నిలిచిపోవడం కనిపిస్తే నోటితో పెట్టడం ఆపి మింగుడు పరీక్ష అడగాలి. దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారేవాళ్లు ఉంటారు, అందుకే ‘పొలమారట్లేదు కదా’ అన్న ధైర్యం చాలదు.

గొట్టం వేశాక దేనితో నింపాలన్నది మళ్లీ ఎంపికే. ఇంట్లో మిక్సీ పట్టిన గంజిలో రెండు కష్టాలు: చిక్కగా ఉంటే గొట్టం మూసుకుపోతుంది, పల్చన చేస్తే మిల్లీ లీటరుకు అర క్యాలరీ కూడా ఉండదు. 250 మిల్లీ లీటర్ల చొప్పున ఆరుసార్లు పోసినా 700 క్యాలరీలు దాటవు. రెడీ ఫార్ములా మిల్లీ లీటరుకు ఒక క్యాలరీ, లీటరున్నరకు 1500. ఖర్చు భరించలేకపోతే మధ్యేమార్గంగా పగలు ఇంటి జావ రెండుసార్లు, మిగతా నాలుగు ఫార్ములా. ఇంటి జావను చిక్కగా కాచి, దించి కాస్త ఆరనిచ్చి, వేడిగా ఉన్నప్పుడే మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి ఒక చెంచా కలిపితే కాసేపట్లో అది నీళ్లలా జారుతుంది. ఆ పిండిలోని అమైలేజ్ గంజిని విరగ్గొడుతుంది, క్యాలరీలు మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, సన్నటి జల్లెడ పట్టాలి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, మన ఎండల్లో అయితే అంతకంటే ముందే పారబోయండి.

పోసేటప్పుడు తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి, అయ్యాక కనీసం అరగంట అలాగే. సిరంజి పిస్టన్ తీసి, గురుత్వంతో, పావుగంట ఇరవై నిమిషాలు పట్టనివ్వాలి. నొక్కి పంపితే వాంతి. ముందూ వెనకా 30 మిల్లీ లీటర్ల నీళ్లు. మాత్రలు ఒక్కొక్కటీ విడిగా పొడిచేసి, మధ్యమధ్య నీళ్లు పోసి ఇవ్వాలి. ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని రాసినవి (మందును నెమ్మదిగా వదిలేవి), పైపూత ఉన్నవి నూరకూడదు. ముక్కు దగ్గర గొట్టం మీద మార్కర్ గీత పెట్టుకోండి, గీత బయటికి వచ్చిందంటే పోయడం ఆపాలి. స్టెతస్కోపు పెట్టి గాలి కొట్టి విని సరిచూసే పాత పద్ధతి నమ్మదగింది కాదు. మొదటిసారి ఎక్స్‌రే, తర్వాత గొట్టంలోంచి పీల్చిన ద్రవం పీహెచ్ (ఆమ్లం కొలత) 5.5 లేదా అంతకంటే తక్కువుంటే పొట్టలో ఉన్నట్టు. గొట్టం ఊడిపోతే ఇంట్లో మళ్లీ దూర్చే సాహసం వద్దు.

నాలుగు వారాలకు మించి గొట్టం తప్పదనుకుంటే పొట్ట మీద నుంచి నేరుగా లోపలికి వేసే గొట్టం, పెగ్, మేలు. ముక్కు పుండు పడదు, మాటిమాటికీ ఊడదు. అది ఊడితే మాత్రం కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకుపోతుంది, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ముదిరిన డిమెన్షియాలో (మతిమరుపు జబ్బులో) పెగ్ గానీ ముక్కు గొట్టం గానీ ఆయుష్షు పెంచవని, పడక పుండ్లు తగ్గించవని తెలుసు. పీక్కోకుండా చేతులు కట్టేయాల్సిన పరిస్థితి మాత్రం తెస్తాయి. అక్కడ చేత్తో, ఓపిగ్గా, ఇష్టమైనది తినిపించడమే సరైన ఎంపిక. ఇది ఇంట్లోవాళ్లకు జీర్ణించుకోవడం కష్టమైన మాటే, అయినా చెప్పాలి.

నరంలోంచి పూర్తి పోషణ, టీపీఎన్, పేగు అడ్డుపడ్డప్పుడు, పేగు తెగి లీకవుతున్నప్పుడు, అంటే పేగులు పనిచేయనప్పుడే. పెద్ద నరంలో లైను, రోజూ రక్తపరీక్షలు, ఇన్ఫెక్షన్ భయం. పేగు పనిచేస్తుంటే టీపీఎన్ జోలికి పోనక్కర్లేదు.

తొందరపడకూడని చోటు

పది రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివాళ్లు, బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) 16 లోపు ఉన్నవాళ్లు, కొద్ది నెలల్లో పదిహేను శాతానికి పైగా బరువు పోయినవాళ్లు: వీళ్లకు మొదటిరోజే 1500 క్యాలరీలు పోస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్గదర్శకం కిలోకు 10 క్యాలరీలతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పెంచమంటుంది. 50 కిలోలకు మొదటిరోజు 500. పోషణ మొదలుపెట్టే ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, మద్యం అలవాటున్నవాళ్లకు మరీ. మొదటి వారంలో కొత్తగా వాపు, ఆయాసం, గందరగోళంగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే చెప్పండి.

ఇంటికెళ్లాక

ఇంతకుముందు చెప్పిన స్విస్ అధ్యయనంలో ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో ఆ తేడా నిలవలేదు. లెక్కగట్టి పెట్టడం ఎక్కువమందికి డిశ్చార్జితోనే ఆగిపోయింది. మన డిశ్చార్జి కాగితాల్లో మందులు పది వరసలుంటాయి, తిండి దగ్గర ‘హై ప్రోటీన్ డైట్’ అన్న మూడు మాటలు. అందుకే బిల్లు కట్టేలోపే డైటీషియన్‌తో ఈ నాలుగూ రాయించుకోండి: ఈరోజు బరువు, రోజుకు ఎన్ని క్యాలరీలు, ఎన్ని గ్రాముల ప్రోటీన్, ఏ పానీయం ఎన్ని గ్లాసులు ఎన్నాళ్లు.

ఇంట్లో వారానికోసారి, పొద్దున్నే, ఒకే తూకం మీద బరువు చూడండి. వారానికి పావుకిలో నుంచి అరకిలో పెరగడం మంచి నడక. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు, గుండె డాక్టర్‌కి ఫోన్ చేయాలి. తిండితోపాటు కదలిక ఉంటేనే ప్రోటీన్ కండగా మారుతుంది: చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు, పక్కన మనిషి ఉండగా. నెల తర్వాత మళ్లీ లెక్క వేయండి. గ్లాసులు లేకుండా మామూలు భోజనంతోనే రోజు లక్ష్యంలో ముప్పాతిక వంతు వరసగా వారం అందుతూ, బరువు నిలబడితే ముందు సాయంత్రం గ్లాసు ఆపండి. రాత్రి గ్లాసు ఇంకో నెల ఉండనివ్వండి.